మీకు తెలుసా? ఊరికే వెలిగే మంటకి ఏడాదికి ఎనిమిది బండలు!

కుర్చీ కాస్త ఇటు జరపండి! చార్మినార్ కనిపించే ఇరానీ హోటల్లో కూర్చున్నాం అనుకోండి. రెండు చాయ్‌లు చెప్పాను. అవి వచ్చేలోపు మీ చెవిలో ఒక రహస్యం వేస్తాను. బొటనవేలి గోరంత మంట ఒకటుంది. అది ఏమీ వండదు. ఎవరికీ వడ్డించదు. ఊరికే వెలుగుతూ కూర్చుంటుంది. మరి ఏడాదికి ఎన్ని గ్యాస్ బండలు మింగుతుంది? ఒకటా? రెండా? ఎనిమిది! ఆ పైన ఇంకో అర!

దాని పేరు పైలట్ లైటు. విమానం నడిపే పైలట్ కాదండోయ్! అమెరికాలోని పాత ఇళ్లలో ఇల్లు వెచ్చబరిచే యంత్రాల్లో, నీళ్లు కాచే ట్యాంకుల్లో అది ఉంటుంది. పెద్ద మంటకి నిప్పు అందించడమే దాని ఉద్యోగం. మిగతా సమయమంతా కాపలా! అది గంటకి తినేది సుమారు 600 బీటీయూ. ఈ మాట ఏసీ షాపులో విన్నారు కదూ? టన్నున్నర ఏసీకి 18,000 చెబుతారే, అదే కొలత. కొన్ని పైలట్లు 400తో సరిపెట్టుకుంటాయి. కొన్ని 1,000 దాకా లాగేస్తాయి. మనం మధ్యస్తంగా 600 పట్టుకుందాం. ఇకమీదట లెక్కలన్నీ దాని మీదే!

అది ఎంత వేడో మన భాషలో చెప్పనా? 175 వాట్లు! ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వచ్చే వేడి దాదాపు 100 వాట్లు. అంటే ఆ గోరంత మంట ఒకటీ ముప్పావు మనిషి! అద్దె కట్టకుండా మీ ఇంట్లో ఉంటున్నాడు. పైగా భోజనం కూడా మీదే!

గంటకి తినేది ఎంత? మన వంటగ్యాస్‌లో సుమారు 14 గ్రాములు. అంతేనా అని పెదవి విరిచారు కదూ? ఆగండి! ఈ తిండికి ఆదివారం లేదు, పండగ లేదు. అర్ధరాత్రి మీరు గురక పెడుతున్నా అది తింటూనే ఉంటుంది. 14.2 కిలోల బండ 43 రోజుల్లో ఖాళీ! చిన్న కుటుంబం మూడు పూటలా వండుకు తినే గ్యాస్ అది. ఇక్కడ మాత్రం కనీసం పప్పు కూడా ఉడకలేదు!

రూపాయల్లో కావాలా? 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బండ ధర 905 రూపాయలు. ఆ లెక్కన గోరంత మంటకి రోజుకి 21 రూపాయలు! ఇప్పుడు జేబులోంచి అగ్గిపెట్టె తీయండి. రెండు రూపాయలు! అగ్గిపుల్ల గీసే శ్రమ తప్పించుకోవడానికి రోజుకి పది అగ్గిపెట్టెల డబ్బు తగలేస్తున్నారన్నమాట. ఇంట్లో ఎవరైనా ఇలా చేస్తే మా అమ్మ అట్లకాడ పట్టుకునేది!

మన పంచాంగంలో చెబితే ఇంకా బాగుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఏడాదికి 3 బండలు ఉచితం కదా. సంక్రాంతి నాడు పైలట్ వెలిగించి ఆ మూడూ దానికే తగిలించారనుకోండి. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి మూడూ ఖాళీ! చలి పోయి, మామిడికాయలొచ్చి, ఆవకాయ జాడీకెక్కినా ఆ మంట కాపలా కాస్తూనే ఉంటుంది. దేనికి కాపలా? దానికే తెలియాలి!

ఇంకో చిలిపి లెక్క. చార్మినార్ కట్టింది 1591లో. ఆ రోజు ఎవరో దాని కింద ఒక పైలట్ లైటు వెలిగించి మరిచిపోయారనుకోండి. నేటికి ఎన్ని బండలు అయ్యేవి? 3,600కి పైనే! అప్పట్లో గ్యాస్ బండ లేదని నన్ను పట్టుకోకండి. లెక్క లెక్కే!

ఇప్పుడు పాతబస్తీ సందుల్లోకి వద్దాం. శాలిబండలోనో, యాఖుత్‌పురాలోనో ఒక ఇల్లు. బాత్‌రూమ్ గోడకి చిన్న తెల్లటి గ్యాస్ గీజరు. దాంట్లో పైలట్ లైటు ఎక్కడుందో వెతకండి. దొరకదు! ఇక్కడ ఎక్కువగా కనిపించే గీజర్లలో అది లేనే లేదు. రోజంతా ఊరికే వేచి ఉండడానికి మీ గీజరు తినే గ్యాస్ ఎంతో తెలుసా? సున్నా! లక్షల డాలర్ల ఇంట్లో బేస్‌మెంట్ హీటరు చేయలేని పని, మన గల్లీ గీజరు చేస్తోంది!

ఎలా అంటారా? కింద చిన్న డబ్బా తెరిచి చూడండి. టార్చిలైటులో వేసుకునే లావుపాటి సెల్లులు రెండు! కలిపి 3 వోల్టులు. కుళాయి తిప్పగానే నీళ్లు కదులుతాయి. ఆ కదలికే మీట నొక్కుతుంది. టక్ టక్ టక్! నిప్పురవ్వ రాలుతుంది. భగ్గుమని మంట! కుళాయి కట్టేస్తే మంట కూడా కట్. కరెంటు పోయినా దానికి దిగులు లేదు. పాతబస్తీలో అది ఎంత సుఖమో వేరే చెప్పాలా!

ఒక బకెట్ లెక్క వినండి. ఇరవై లీటర్ల చల్లటి నీళ్లు. ఒళ్లు కాగేంత వేడికి, అంటే ఇంకో 25 డిగ్రీలు పైకి తేవాలి. గీజరుకి దాదాపు 55 గ్రాముల గ్యాస్ చాలు! అక్కడ పైలట్ లైటు ఊరికే తినే తిండితో ఇక్కడ రోజుకి ఆరు బకెట్లు కాగుతాయి. ఇంటిల్లిపాదీ తలస్నానం!

సరే, గీజర్ అనే మాట ఎక్కడిదో తెలుసా? ఐస్‌లాండ్‌ది! అక్కడ గేసిర్ అనే వేడినీటి ఊట ఉంది. ఒకప్పుడు నేలలోంచి నీళ్లు తరచూ ఎగజిమ్మేవి. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన స్నానాలకి నీళ్లు కాచే యంత్రం చేసి దానికా పేరు పెట్టాడు. ఆయన వృత్తి ఏమిటో చెబితే నమ్మరు. రంగులు వేయడం! రంగులు వేసే మనిషి పెట్టిన ఐస్‌లాండ్ పేరు, మన ఇంట్లో ప్రతి ఉదయం పలుకుతున్నాం. గీజర్ వేశావా, గీజర్ ఆపావా!

ఇది మాత్రం గొంతు తగ్గించి చెబుతాను. నవ్వే విషయం కాదు. గ్యాస్ గీజరు ఉన్న బాత్‌రూమ్ కిటికీ మూయకండి! మంటకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది! మన దేశంలో డాక్టర్లు దీనికి ఏకంగా గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని పేరు పెట్టేశారు. గీజరు బయట, స్నానం లోపల. అదే మంచి ఏర్పాటు.

మనకి ఇల్లు వెచ్చబరిచే యంత్రం ఎందుకు లేదు? చలి ఎక్కడుంది కనుక! హైదరాబాద్‌లో నమోదైన అతి చల్లటి రోజు 1946 జనవరి 8. ఎంత? 6.1 డిగ్రీలు! అంతే! మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, ఇంకో చాయ్ తాగితే గట్టెక్కే చలి.

అదే షికాగో సంగతి చూడండి. పాతబస్తీ నుంచి వెళ్లినవాళ్లు అక్కడ ఎందరో! డెవాన్ అవెన్యూలో నడిస్తే హైదరాబాదీ బిర్యానీ వాసన తగులుతుంది. ఆ ఊళ్లో 1985 జనవరిలో ఒక రోజు మైనస్ 32.8 డిగ్రీలు! మంకీ క్యాప్‌తో అయ్యే పనేనా? అందుకే అక్కడ నేలమాళిగలో పెద్ద హీటరు. పాతదైతే దాని కడుపులో గోరంత మంట!

మొగల్‌పురాలో నాకు తెలిసిన ఒక పెద్దాయన వేసవిలో కూతురింటికి షికాగో వెళ్లారు. నేలమాళిగలో ఏదో వెతుకుతుంటే నీలం మంట కంటబడింది. పైన ఏసీ నడుస్తోంది! ఆయన పరుగున మెట్లెక్కి, బేటీ, పొయ్యి కట్టేయడం మరిచిపోయావు అని కేక పెట్టారట. అమ్మాయి నవ్వింది. నేను మాత్రం ఆయన పక్షమే! వేసవి నాలుగు నెలలు ఆ మంటని ఆర్పి ఉంచితే ఎంత మిగులుతుందో తెలుసా? మన లెక్కలో దాదాపు 3 బండలు! కాకపోతే, చలికాలం రాగానే మళ్లీ వెలిగించడం తెలిసి ఉండాలి. ఆయన అడిగిందీ అదేనట. అగ్గిపెట్టె ఉందా?

ఆ మంటని మరీ అంత తిట్టకండి. నీళ్లు కాచే ట్యాంకు కింద ఉన్నదైతే దాని వేడిలో మంచి భాగం నీళ్లలోకే పోతుంది. వృథా కాదు! హీటరు కింద వేసవిలో వెలిగేదే అసలు దండగ. ఒకే మంట, ఒకే 175 వాట్లు. ఒకచోట కూలి, ఇంకోచోట సోమరి!

మన తెలుగు అమ్మల తెలివి వినండి! చలి దేశంలో ఇడ్లీ పిండి పులవదు. రెండు రోజులైనా రాయిలా కూర్చుంటుంది. పిండికి హాయిగా ఉండేది 30 డిగ్రీల చుట్టుపక్కల. అంత వెచ్చటి చోటు ఎక్కడ? పాత గ్యాస్ పొయ్యి ఓవెన్‌లో! వెలిగించక్కర్లేదు. లోపల పైలట్ లైటు కాచిన వెచ్చదనం చాలు. రాత్రి గిన్నె పెట్టి తలుపు మూస్తే పొద్దున్నకి పిండి పొంగి మూత తోసేస్తుంది!

పెరుగు సంగతి? అదీ అక్కడే! పాలు తోడుకోవడానికి 40 డిగ్రీలు దాటితే ఇంకా ఇష్టం. రాత్రి తోడు వేసి ఓవెన్‌లో దాచండి. పొద్దున్నే కత్తితో కోసేంత గడ్డపెరుగు! గ్యాస్ కంపెనీ బిల్లు పంపింది కాపలా మంటకి. మనవాళ్లు దానిచేత ఇడ్లీ, పెరుగు రెండూ చేయించారు. పైలట్ లేని కొత్త ఓవెన్ వచ్చాక ఏం చేశారంటారా? లోపలి బల్బు వేసి ఉంచారు! మనవాళ్లతో పందెం కాయకండి.

ఇప్పుడు అసలు మాయ! ఆ మంట గాలికి ఆరిపోతే గ్యాస్ ఇల్లంతా నిండిపోదా? నిండదు! మంటలో ఒక సన్నటి లోహపు కడ్డీ మునిగి ఉంటుంది. వేడి తగిలితే దాంట్లో కరెంటు పుడుతుంది. ఎంత? 30 మిల్లీవోల్టులు! మీ గోడ గడియారం సెల్లులో యాభయ్యో వంతు. ఆ పిసరంత కరెంటే గ్యాస్ ద్వారాన్ని తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరిందా, కడ్డీ చల్లబడుతుంది. కరెంటు పోతుంది. ద్వారం టప్పున మూసుకుంటుంది. మంటకి మంటే కాపలా!

ఇదే కిటుకు ఇంకెక్కడ ఉందో తెలుసా? ఆకాశంలో! 1977లో బయల్దేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌకలో. సూర్యుడు అందనంత దూరం పోయింది. సోలార్ పలకలు అక్కడ పనికిరావు. ప్లుటోనియం వేడి నుంచి నేరుగా కరెంటు పుట్టిస్తారు. వేడి వేరు, పదార్థం వేరు, సూత్రం మాత్రం అదే! షికాగో నేలమాళిగలో ఉన్న కడ్డీకి, నక్షత్రాల మధ్య తిరిగే నౌకకి చుట్టరికం!

పైలట్ మంటకి గ్యాస్ వచ్చే రంధ్రం ఎంత ఉంటుంది? అర మిల్లీమీటరు కూడా ఉండదు! సూది మొన కంటే కాస్త లావు. కొంచెం దుమ్ము పడినా మంట పసుపు రంగుకి తిరిగి వణుకుతుంది. అయినా ఏడాదికి ఎనిమిదిన్నర బండలు ఆ సూది బెజ్జంలోంచే దూరిపోతాయి! ఏనుగులు దూరడం అంటే ఇదే కాబోలు.

ఆ బెజ్జానికి పెద్ద శత్రువు ఎవరో చెప్పుకోండి. సాలెపురుగు! గ్యాస్ గొట్టాల్లో గూడు కట్టడం దానికి సరదా. ఒక జాతి సాలీడుకి పెట్రోలు వాసన కూడా ఇష్టమే. 2011లో మాజ్దా కంపెనీ ఉత్తర అమెరికాలో 65,000 కార్లు వెనక్కి పిలిచింది. కారణం? పెట్రోలు ట్యాంకు గాలిగొట్టంలో సాలెగూళ్లు! నవ్వుతున్నారా? పొయ్యి ముట్టకపోతే మెకానిక్ సన్నటి తీగ పెట్టి గొట్టం పొడుస్తాడు చూడండి, ఒక్కోసారి వెతికేది దాన్నే.

గ్యాస్ వాసన అని ముక్కు మూసుకుంటాం కదా. వంటగ్యాస్‌కి అసలు వాసన లేదు! అది కావాలని కలిపిన కంపు. పేరు ఇథైల్ మెర్కాప్టాన్. గాలిలో వంద కోట్ల పాళ్లలో 1 పాలు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది! కుళ్లిన ఉల్లిపాయ కంపు అంటారు కొందరు. ఆ కంపుకి ఒక దండం పెట్టుకోండి. ఎప్పుడైనా వస్తే స్విచ్చులు ముట్టకండి, కిటికీలు తెరవండి, 1906కి ఫోన్ చేయండి!

ఇంతకీ ఆ అమెరికా ఏం చేసింది? చట్టం చేసింది! కరెంటు వైరున్న గ్యాస్ పొయ్యిలకి 1990 జనవరి 1 నుంచి నిత్యం వెలిగే పైలట్ బంద్. వైరు లేనివాటికి 2012 ఏప్రిల్ నుంచి బంద్. గోరంత మంటని ఆర్పడానికి ప్రభుత్వానికి 22 ఏళ్లు పట్టింది! అగ్గిపుల్లనైతే ఒక్క ఊపుతో ఆర్పేస్తాం.

మన పక్క పైలట్ లైటు లేదన్నానా? మాట వెనక్కి తీసుకుంటున్నాను! గ్యాస్ లేని రోజుల్లోనే ఉంది. రాత్రి వంటయ్యాక అమ్మమ్మలు ఏం చేసేవారు? నాలుగు కణికలు పొయ్యిలో పోగేసి పైన బూడిద కప్పేవారు. తెల్లారి ఊదితే ఎర్రగా కళ్లు తెరిచేది! నివురు గప్పిన నిప్పు అంటాం చూడండి, అదే. ఎనిమిది గంటల కాపలా, ఖర్చు పిడికెడు బొగ్గు! ఎవరింట్లోనైనా ఆరిపోతే? పక్కింటికి పిడక పట్టుకుని వెళ్లి నిప్పు తెచ్చుకోవడమే!

పాన్ డబ్బా పైలట్ చూశారా? పాతకాలం దుకాణం పక్కన కొబ్బరి తాడు వేలాడేది. చివర నిప్పు. మంట లేదు, ఎర్రటి చుక్క మాత్రమే! బీడీ వాడు వచ్చి వంగేవాడు, అంటించుకునేవాడు, పోయేవాడు. చార్మినార్ సిగరెట్టు చేసిన వజీర్ సుల్తాన్ కంపెనీ ఈ ఊళ్లో మొదలైంది 1930లో. ఆ పెట్టెల్లో ఎన్ని సిగరెట్లకి ఆ తాడే నిప్పంటించిందో! పొగ మంచిది కాదు, ఒప్పుకుంటాను. తాడు మాత్రం అద్భుతం!

లాడ్ బజార్‌కి రండి. గాజుల దుకాణం వెనక గదిలో బొగ్గుల కుంపటి. లక్క ముద్దని దాని మీద పట్టుకుంటారు. 70, 80 డిగ్రీల మధ్యకి రాగానే అది మైనంలా మెత్తబడుతుంది! చల్లారితే రాయి. అందుకే కుంపటి ఆరడానికి వీల్లేదు. వేళ్లు ఎంత చురుగ్గా కదలాలో! ఆ నైపుణ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాళ్లు పొదిగిన గాజు తళుక్కుమంటుంది సరే, వెనక కుంపటిని కూడా ఒకసారి తొంగి చూడండి.

రంజాన్ నెలలో హలీం బట్టీ పక్కన నిలబడ్డారా? ఇటుకలు, మట్టితో కట్టిన పొయ్యి. కట్టెల మంట. సన్నసెగ! ఎంతసేపు? 12 గంటల దాకా! ఇక్కడ మంట ఊరికే కూర్చోదు, మాంసాన్నీ గోధుమనీ ఒకటి చేస్తుంది. పక్కన ఇద్దరు పహిల్వాన్లలా చెక్క గోట్లతో దంచుతూనే ఉంటారు. ఈ మంట తిన్నదాన్ని నేను దండగ అననే అనను!

తాతల కాలం గీజరు మాట మరిచాను. హమ్మాం! రాగి పాత్ర. నడుమ గొట్టం. గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. మన పల్లెల్లో కాగు ఉన్నట్టే పట్నంలో ఇది. రాగే ఎందుకు? స్టీలు కంటే దాదాపు 25 రెట్లు చురుగ్గా వేడిని దాటిస్తుంది! మంట గొట్టం మధ్యలో ఉంటే సెగ పక్కలకి పారిపోయే దారేది? చుట్టూ నీళ్లే! బేగంబజార్ పాత్రల దుకాణాల్లో అడిగి చూడండి, తళతళలాడుతూ ఎదురొస్తుంది.

వంటింటి లైటరు! టక్ మని నొక్కుతారే, అందులో బ్యాటరీ లేదు. మరి నిప్పురవ్వ? లోపల చిన్న స్ఫటికం ఉంటుంది. దాని నెత్తిన సుత్తి దెబ్బ! దెబ్బ తిన్న స్ఫటికం పది వేల వోల్టుల దాకా విసురుతుంది! షాక్ తగలదా అంటారా? అది రెప్పపాటు కూడా నిలవదు. పైలట్ లైటుని ఇంటి నుంచి వెళ్లగొట్టిన వాళ్లలో ఈ బుల్లి సుత్తి కూడా ఒకటి!

అసలు గ్యాస్ ఫ్రీగా వస్తే మనుషులు ఏం చేస్తారు? తుర్క్‌మెనిస్తాన్‌ని అడగండి! 1993 నుంచి ఏళ్ల తరబడి అక్కడ ఇళ్లకి గ్యాస్ ఉచితం. అగ్గిపెట్టెకి మాత్రం డబ్బు. అందుకని జనం పొయ్యి ఆర్పడమే మానేశారు! అగ్గిపుల్ల ఆదా చేయడానికి రాత్రంతా బర్నర్ వెలిగించి పడుకున్నారు. దేశమంతా పైలట్ లైటే!

మన దగ్గరా ఒక పెద్ద మంట వెలిగింది. కోనసీమలో! పాశర్లపూడి దగ్గర 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ బావి బద్దలైంది. గ్యాస్ భగ్గుమంది. ఆర్పడానికి ఎన్ని రోజులు పట్టిందో తెలుసా? 65! సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. శివరాత్రి కూడా దాటింది. ఆ ఊళ్లలో రాత్రి అనేదే కనబడలేదు!

ఇక మన వంటింటి బండకి వద్దాం. మీరు ఊపితే లోపల గుడగుడ కదిలేది నీళ్లలాంటి ద్రవం. బయటికి వస్తే? దాదాపు 250 రెట్లు ఉబ్బి గ్యాస్ అవుతుంది! గ్లాసెడు ద్రవం గ్యాస్‌గా మారితే రెండు మూడు బకెట్లు నిండుతాయి. అది గాలి కంటే బరువు కూడా. నేలమీద పాకుతుంది. అదే భాగ్యనగర్ గ్యాస్ వాళ్ల పైపులో వచ్చేది గాలి కంటే తేలిక, పైకప్పుకి ఎక్కుతుంది! రెండూ వంటగ్యాసే. ఒకటి పిల్లిలా పాకుతుంది, ఒకటి గాలిపటంలా లేస్తుంది.

కాలం మారిపోయిందనుకోకండి. లండన్ వీధుల్లో ఇప్పటికీ గ్యాస్ దీపాలు వెలుగుతున్నాయి. ఎన్ని? వెయ్యికి పైనే! వాటిని చూసుకోవడానికి నిచ్చెన పట్టుకుని తిరిగే మనుషులు ఇంకా ఉన్నారు. ఉద్యోగం ఏమిటని అడిగితే దీపాలు పెట్టడం అని చెబుతారు కాబోలు. మా నానమ్మ సాయంత్రం పూట జీతం లేకుండా చేసిన పని!

మాటల్లో పడి గమనించలేదు. మనం కూర్చుని పది నిమిషాలు అయ్యింది. ఈ పది నిమిషాల్లో షికాగో నేలమాళిగలో ఆ గోరంత మంట రెండు గ్రాముల పైన గ్యాస్ ఊరికే తాగేసింది. ఆ కాస్త మన పొయ్యి మీద పడితే ఎన్ని ఇరానీ చాయ్‌లు కాగేవో తెలుసా? 2! అదిగో, కుర్రాడు తెస్తున్నాడు. ఎడమ చేతిలోది మీది!